నిమిషం కాదు, నలుసు

ఎండీఎం2 జన్యువు పేరులో 'డీఎం' అంటే డబుల్ మైన్యూట్. చాలామంది 'మినిట్' అని చదువుతారు. నిజానికి రెండు మాటలకూ మూలం ఒకటే, 'చిన్నది' అనే లాటిన్ మాట. మొదటి 'ఎం' మౌస్, ఎలుక. ఈ జన్యువు ముందు దొరికింది ఎలుక కణాల్లోనే.

కొన్ని క్యాన్సర్ కణాల్లో మైక్రోస్కోపు కింద క్రోమోజోముల పక్కన ఆవగింజల్లా జంటజంటగా చుక్కలు కనిపిస్తాయి. అవే డబుల్ మైన్యూట్లు. కణం చీలేటప్పుడు క్రోమోజోమును పట్టి లాగే చోటు, సెంట్రోమియర్, వాటికి లేదు. అందుకే పిల్ల కణాలకు సమంగా పంపకం కావు. ఎక్కువ దక్కిన కణమే ఏపుగా పెరుగుతుంది. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్లలో కొన్నింటిలో, కొన్ని ఎముక సార్కోమాల్లో ఎండీఎం2 ప్రతులు ఇలాగే పోగుపడి, కణానికి కాపలా కాసే పీ53 ప్రోటీన్‌ని అణచేస్తాయి.

ఈ డబుల్ మైన్యూట్లను తెలుగులో 'జంట నలుసులు' అనాలని నా కోరిక. కంట్లో నలుసు ఎంత బాధిస్తుందో మనకు తెలుసు.