గొట్టమును గూర్చి కాగితము చెప్పిన మాట

భూమిలో పూడ్చిన గొట్టమును దినదినము చూచువారు ఉండరు. దాని క్షేమమును మనము పరీక్షల వలనను, దస్తరముల వలనను మాత్రమే తెలిసికొనగలము. ఈ రెండును లోపించినచో ఏమగునో అమెరికాలోని శాన్ బ్రూనో పట్టణపు చరిత్ర చెప్పుచున్నది.

కాలిఫోర్నియా రాష్ట్రములోని ఈ పట్టణమున 1956లో 30 అంగుళముల వ్యాసముగల సహజవాయు గొట్టమును పూడ్చిరి. అది నిడివిలో అతుకు లేని గొట్టమని కంపెనీ దస్తరములలో ఉండెను. నిజమునకు ఒకచోట పొట్టి ముక్కలను జోడించిరి. వానిలో కొన్నింటికి నిడివి వెంబడి వేసిన వెల్డింగు లోపలివైపున పూర్తికాలేదు.

ఇట్టి లోపమును కనిపెట్టుటకు సులభమైన పరీక్ష కలదు. గొట్టమును నీటితో నింపి, మామూలుగా పనిచేయు పీడనముకంటె ఎక్కువ పీడనమును కలిగింతురు. బలహీనమైన అతుకు అప్పుడే విచ్చును. నీరు చిమ్మునుగాని మంట లేవదు. 1961లో కాలిఫోర్నియా ప్రభుత్వము కొత్త గొట్టములకు ఈ పరీక్షను విధించి, పాతవానిని విడిచిపెట్టినది. 1970లో వచ్చిన కేంద్ర నిబంధనలును అట్లే చేసినవి.

2010 సెప్టెంబరు 9 సాయంకాలము దూరముననున్న ఒక కేంద్రములో విద్యుత్పరికరముల పని జరుగుచుండగా గొట్టములో పీడనము పెరిగినది. అనుమతించిన గరిష్ఠపు హద్దు దాటకుండగనే ఆ అతుకు చీలినది. 8 మంది మరణించిరి. 38 ఇండ్లు నాశనమైనవి. దూరమునుండి మూయగల కవాటములు అచ్చట లేనందున వాయువును ఆపుటకు 95 నిమిషములు పట్టినది. 2011లో కాలిఫోర్నియా అధికారులు పరీక్షింపబడని గొట్టములను పరీక్షింపవలెనని, లేనిచో మార్చవలెనని ఆజ్ఞాపించిరి.

మన కోనసీమలోని నగరం గ్రామమున 2014 జూన్ 27 తెల్లవారుజామున జరిగిన ప్రమాదము వేరొక విధమైనది. పొడివాయువు కొరకు ఉద్దేశించిన గొట్టములో నీరు కలిసిన వాయువు ప్రవహించినది. సహజవాయువులోని బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగి ఆమ్లమగును. ఆమ్లము ఉక్కును లోపలినుండి తినివేయును. అచ్చట ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఒకచోట అతుకు, మరియొకచోట తుప్పు. రెండుచోట్లను కాగితము మీది గొట్టము వేరు, నేలలోని గొట్టము వేరు. ఈ భేదమును ప్రమాదమునకు ముందే వెదకు అలవాటునకే భద్రతా సంస్కృతి అని పేరు. “పూర్వము ఏమియు జరుగలేదు గదా” యనుట పరీక్షకు బదులు కాజాలదు. శాన్ బ్రూనో గొట్టము 54 సంవత్సరములు ఏ మాటయు లేకుండ పనిచేసినదే.