గట్టితనానికి కొలబద్ద ఏది?

1976 మే 11. మాంట్రియల్ ఫోరంలో స్టాన్లీ కప్ ఫైనల్ రెండో ఆట జరుగుతోంది. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ ఆటగాడు గ్యారీ డార్న్‌హోఫర్ రింక్ అంచు వెంబడి దూసుకువస్తున్నాడు. మాంట్రియల్ కెనేడియన్స్ డిఫెన్సులో ఆడే లారీ రాబిన్సన్ ఎదురువెళ్ళి, ఒంటి బరువంతా వేసి అతన్ని ప్రహరీ పలకలకేసి ఢీకొట్టాడు. ఆ తాకిడికి పలక లోపలికి నొక్కుకుపోయింది. సిబ్బంది వచ్చి సరిచేసే దాకా ఆట ఆగిపోయింది.

ఆ సొట్ట గురించి రెండు నగరాల అభిమానులు చెప్పుకొనే తీరు వేరు. మాంట్రియల్‌వాసికి అది ఒక యుగానికి తెర దించిన క్షణం. రౌడీల జట్టుకు అసలైన బలమేమిటో అక్కడ తెలిసివచ్చిందంటాడు. ఫిలడెల్ఫియావాసి అంత తేలికగా ఒప్పుకోడు. తమ మొదటి గోల్‌కీపర్ గాయాలతో సగం ఏడాది పోగొట్టుకొన్నాడని, గోల్స్ చేసే ముఖ్యుడు మోకాలి దెబ్బతో ఇంట్లో ఉన్నాడని, ఒక్క తాకిడితో ఫైనల్ తేలిపోదని అంటాడు. వాదన మొదలై అర్ధ శతాబ్దం దాటింది.

తెలుగు పాఠకుడికి హాకీ అనగానే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం గుర్తుకొస్తాయి. ఉత్తర అమెరికాలో ఆ మాటకు అర్థం మంచు మీద ఆడే ఆట. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు మంచు మీద ఉంటారు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ, దాని పేరు పక్. పక్ దగ్గరున్నవాడిని శరీరంతో ఢీకొట్టడం ఆటలో భాగమే. పిడికిళ్ళతో కొట్టుకోవడం తప్పే గాని, దానికి మామూలు శిక్ష అయిదు నిమిషాల పాటు పెనాల్టీ బాక్సులో కూర్చోవడం. ఇక ప్లేఆఫ్ అంటే ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల దాకా సాగే పోరు. ముందుగా నాలుగు గెలిచినవారిది పైచేయి. రెండు వారాల పాటు అవే ముఖాలు, అవే కక్షలు. అందుకే ఆ రోజుల్లో అభిమానుల నోట రెండు మాటలు ఎడతెగకుండా వినిపిస్తాయి: ఒకటి గట్టితనం, రెండోది ఊపు.

ఫిలడెల్ఫియా గట్టితనానికి మూలం ఒక అవమానంలో ఉంది. ఫ్లయర్స్ జట్టు పుట్టింది 1967లో. తొలి రెండేళ్ళూ, అంటే 1968, 1969 ప్లేఆఫ్‌లలో, తమకంటే మోటైన సెయింట్ లూయిస్ బ్లూస్ చేతిలో దెబ్బలు తిని ఓడిపోయింది. తన జట్టును ఇకపై ఎవరూ భయపెట్టకూడదని యజమాని ఎడ్ స్నైడర్ నిశ్చయించుకొన్నాడు. పొడగరులనూ మల్లయోధులనూ ఏరికోరి చేర్చుకొన్నారు. 1973 నాటికి స్థానిక పత్రిక ఒకటి ఆ జట్టుకు ‘బ్రాడ్ స్ట్రీట్ బుల్లీస్’ అని పేరు పెట్టింది. తిట్టులాంటి ఆ పేరును ఊరు బిరుదులా స్వీకరించింది. 1974–75 సీజన్‌లో డేవ్ షుల్ట్జ్ అనే ఒక్క ఆటగాడు శిక్షగా కూర్చొన్న కాలం 472 నిమిషాలు. ఆ రికార్డు నేటికీ చెరగలేదు.

1974లో ఫ్లయర్స్ బోస్టన్ బ్రూయిన్స్‌ను ఓడించి కప్పు గెలిచారు. 1967లో చేరిన కొత్త జట్లలో ఆ ఘనత మొదట దక్కింది వారికే. 1975లో మళ్ళీ గెలిచారు. ప్రత్యర్థి అభిమానులు ఆ రెండు కప్పులనూ పిడికిళ్ళ ఖాతాలో రాశారు. కాని 1974 మే 19న కప్పు తేల్చిన ఆరో ఆటలో స్కోరు 1–0. రిక్ మక్లీష్ ఒక్క గోల్ చేయగా, బాబీ ఆర్, ఫిల్ ఎస్పొజీటో వంటి మహామహులున్న బోస్టన్‌ను గోల్‌కీపర్ బెర్నీ పరాంట్ ఒక్క గోల్ కూడా చేయనివ్వలేదు. ఆ ఏడూ, మరుసటి ఏడూ ప్లేఆఫ్‌లలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ పరాంట్‌కే దక్కింది. కొట్లాటగాళ్ళలో ఎవరికీ దక్కలేదు.

అదే జట్టులో మరొక రకమైన గట్టితనమూ ఉంది. కెప్టెన్ బాబీ క్లార్క్‌కు చిన్ననాటి నుంచే మధుమేహం. రోజూ ఇన్సులిన్ సూది పడందే గడవని దేహం. ఆ కారణంగానే 1969 ఎంపికలో చాలా జట్లు అతన్ని వద్దనుకొన్నాయి. పదహారుమంది తరువాత, పదిహేడోవాడిగా ఫ్లయర్స్ తీసుకొన్నారు. చక్కెర పడిపోకుండా చూసుకొంటూ ఏడాదికి డెబ్బై ఎనభై ఆటలు ఆడి, అతడు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా మూడుసార్లు హార్ట్ ట్రోఫీ అందుకొన్నాడు. ఇది ఒక పార్శ్వం. 1972లో సోవియట్ జట్టుతో జరిగిన పోరులో వలేరీ ఖర్లామోవ్ చీలమండను కర్రతో కొట్టిందీ ఈ క్లార్కే. ఏ అభిమాని ఏ క్లార్క్‌ను తలచుకొంటాడన్నది అతడు పుట్టిన ఊరును బట్టి ఉంటుంది.

ఊపు సంగతి ఇంతకన్నా చిక్కైనది. దానిని నమ్మేవారు ముందుగా 1942ను చూపిస్తారు. ఆ ఏటి ఫైనల్‌లో టొరాంటో మేపుల్ లీఫ్స్ డెట్రాయిట్ చేతిలో తొలి మూడు ఆటలూ ఓడి, తరువాతి నాలుగూ గెలిచింది. వినడానికి అద్భుతమే. అయితే మూడో ఓటమి తరువాత కోచ్ హాప్ డే పేరుమోసిన గార్డన్ డ్రిలన్‌ను, బకో మెక్‌డొనాల్డ్‌ను పక్కనపెట్టి కొత్తవారిని దించాడు. నాలుగో ఆట ముగిశాక డెట్రాయిట్ కోచ్ జాక్ ఆడమ్స్ రిఫరీపై చేయిచేసుకొని సస్పెండయ్యాడు. ఊపు అన్న ఒక్క మాట కింద ఇన్ని కారణాలు కనుమరుగయ్యాయి.

ముప్ఫైమూడేళ్ళ తరువాత, 1975లో, న్యూయార్క్ ఐలాండర్స్ పిట్స్‌బర్గ్ మీద అదే అద్భుతాన్ని మళ్ళీ చేసింది. మూడు ఓటములు, ఆపై నాలుగు విజయాలు. ఆ వెంటనే ఫిలడెల్ఫియాతో తలపడి మళ్ళీ మూడు ఓడి, మళ్ళీ మూడు గెలిచింది. ఊపు అనేది ఒక శక్తే అయితే ఆ మే నెలలో ఐలాండర్స్‌కు ఉన్నంతగా మరే జట్టుకూ ఉండి ఉండదు. మే 13న ఏడో ఆటకు ముందు ఫిలడెల్ఫియావారు తమ అదృష్టదేవతగా భావించే గాయని కేట్ స్మిత్‌ను స్వయంగా రప్పించి పాడించారు. ఆమె పాట వేసిన రాత్రి తమ జట్టు ఓడదని ఊరి నమ్మకం. ఆట మొదలైన పందొమ్మిది సెకన్లకే డార్న్‌హోఫర్ గోల్ కొట్టాడు. చివరి స్కోరు 4–1. ఊపు అక్కడితో సరి. ఐలాండర్స్ గెలిచి ఉంటే అది ఊపు మహిమకు తిరుగులేని సాక్ష్యం అయ్యేది. ఓడింది గనుక పాట మహిమ అయింది.

1971 కథ ఇంకా విచిత్రం. ఆ ఏడు బోస్టన్ 57 ఆటలు గెలిచింది, 399 గోల్స్ కొట్టింది. తొలి రౌండులో ఎదురుపడిన మాంట్రియల్ తన గోల్ ముందు నిలిపింది లీగ్‌లో ఆరే ఆరు ఆటలు ఆడిన కెన్ డ్రైడెన్‌ను. రెండో ఆటలో బోస్టన్ 5–1తో ముందుండి చివరికి 5–7తో ఓడింది. మూడో ఆటా మాంట్రియల్‌దే. ఊపు మారిందన్నారు. బోస్టన్ నాలుగో ఆటను 5–2తో, అయిదో ఆటను 7–3తో గెలిచింది. ఊపు మళ్ళీ మారిందన్నారు. ఆరో ఆట మాంట్రియల్ 8–3తో గెలిచి, బోస్టన్ గడ్డ మీదే ఏడో ఆటను 4–2తో ముగించింది. ఆ రెండు వారాల్లో ఊపును నమ్మి పందెం కాసినవాడు నిండా మునిగి ఉంటాడు.

ఈ భ్రమను పండితులూ పరిశీలించారు. 1985లో గిలోవిచ్, వల్లోన్, ట్వెర్‌స్కీ అనే ముగ్గురు బాస్కెట్‌బాల్ లెక్కలు తీసి, వరసగా బుట్టలో వేసినవాడు తరువాతి బంతినీ వేస్తాడన్న నమ్మకానికి ఆధారం లేదన్నారు. 2018లో మిల్లర్, సన్‌హుర్హో అనే ఇద్దరు ఆ లెక్కగట్టే పద్ధతిలోనే ఒక సూక్ష్మమైన వక్రత ఉందని చూపారు. వాదన పూర్తిగా తేలలేదు. తేలినది ఒకటే: మనిషి మనసు వరసను చూడగానే కథ అల్లుతుంది, ఆ కథ ఫలితం వచ్చాకే పూర్తవుతుంది.

గట్టితనం కూడా కొంతవరకు అటువంటి కథే. 1976 జనవరి 11న సోవియట్ సైనిక జట్టు ఫిలడెల్ఫియాకు వచ్చింది. ఎడ్ వాన్ ఇంప్ కొట్టిన దెబ్బకు ఖర్లామోవ్ మంచు మీద పడిపోగా, సోవియట్లు నిరసనగా ఆట వదిలి లోపలికి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చి 1–4తో ఓడారు. అదే జట్టు పదకొండు రోజుల ముందు, 1975 డిసెంబర్ 31న, మాంట్రియల్‌తో 3–3గా ముగించిన ఆటను హాకీ చరిత్రలోని అందమైన ఆటల్లో ఒకటిగా చెప్పుకొంటారు. ఒక ఊరు గెలుపును చూపిస్తే, రెండో ఊరు ఆటను చూపిస్తుంది.

ఆ మేలో ఈ రెండు జట్లూ ఎదురెదురయ్యాయి. 4–3, 2–1, 3–2, 5–3: నాలుగు ఆటలూ మాంట్రియల్‌వే. ఏ ఒక్కటీ ఏకపక్షం కాదు. చివరి ఆటకు కేట్ స్మిత్ మళ్ళీ వచ్చి పాడినా పాట ఫలించలేదు. పరాంట్ స్థానంలో వేన్ స్టీవెన్సన్ నిలబడ్డాడు, మక్లీష్ అసలు ఆడలేదు. ఓడిన జట్టువాడైన రెజీ లీచ్ పంతొమ్మిది ప్లేఆఫ్ గోల్స్‌తో కాన్ స్మైత్ ట్రోఫీ అందుకొన్నాడు. కనుక ఫిలడెల్ఫియావాసి వాదన ఉత్తదేమీ కాదు. అయినా షుల్ట్జ్ పిడికిళ్ళు తమను ఆపలేవని రాబిన్సన్, బాబ్ గైనీ, గై లాఫ్లర్ ఉన్న జట్టు తేల్చిచెప్పింది. కొద్ది నెలలకే షుల్ట్జ్‌ను లాస్ ఏంజెలిస్‌కు పంపించివేశారు. 1981లో అతడు ‘ది హామర్’ అన్న పుస్తకం రాశాడు. దాని ఉపశీర్షికలోనే ఒప్పుకోలు అన్న మాట ఉంది.

మాంట్రియల్ గోల్ ముందు 1976లోనూ నిలబడింది డ్రైడెనే. న్యాయశాస్త్రం చదివిన ఈ గోల్‌కీపర్ ఆరు కప్పులు గెలిచి 1979లో విరమించాడు. 1983లో ‘ది గేమ్’ రాశాడు. ఒక ఆటగాడి మనసు లోపలి సందడిని, జట్టు జీవితాన్ని అంత నిదానంగా చెప్పిన క్రీడాగ్రంథాలు అరుదు. 2017లో ఆయన రాసిన ‘గేమ్ చేంజ్’ గొంతు వేరు. అది స్టీవ్ మాంటడార్ కథ. ఆరు జట్లకు ఆడిన మాంటడార్‌కు పేరుప్రఖ్యాతులు పెద్దగా లేవు. తలకు పదే పదే దెబ్బలు తగిలాయి. 2015 ఫిబ్రవరిలో, ముప్ఫై అయిదేళ్ళకే మరణించాడు. మెదడును పరీక్షిస్తే క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి బయటపడింది.

ఈ వ్యాధిలో టౌ అనే ప్రొటీన్ మెదడు మడతల లోతుల్లో, చిన్న రక్తనాళాల చుట్టూ పేరుకొంటుంది. ఒక పెద్ద దెబ్బ కన్నా ఏళ్ళ తరబడి తగిలే ఎన్నో దెబ్బలతో దీనికి సంబంధం కనబడుతోంది. జ్ఞాపకం, నిగ్రహం, ఉల్లాసం సడలుతాయి. జీవించి ఉండగా నిశ్చయంగా చెప్పగల పరీక్ష ఇంకా లేదు. మెదడును దానం చేసేది ఎక్కువగా అనుమానమున్న కుటుంబాలే కాబట్టి, ఆటగాళ్ళలో ఎందరికి ఇది ఉందో లెక్క తేల్చలేము. ఈ హెచ్చరిక చేయకపోతే వైద్యం కూడా అభిమానుల వాదనలాగే మారుతుంది. కాని 2009లో మరణించిన రెజీ ఫ్లెమింగ్‌లో ఇది కనిపించింది. ఆయన 1969–70లో ఫ్లయర్స్‌కూ ఆడాడు. 2010లో పోయిన బాబ్ ప్రోబర్ట్‌లో కనిపించింది. 2011లో ఇరవై ఎనిమిదేళ్ళకే పోయిన డెరెక్ బూగార్డ్‌లోనూ కనిపించింది. ముగ్గురూ గట్టితనానికి ప్రతీకలుగా చప్పట్లు అందుకొన్నవారే.

డ్రైడెన్ ఈ పుస్తకంలో కొట్లాటలను మాత్రమే తప్పుపట్టి ఊరుకోడు. పిడికిలి అయినా, నియమబద్ధమైన భుజమైనా, మోచేయి అయినా మెదడుకు తేడా తెలియదన్నది ఆయన వాదం. తలకు తగిలే ప్రతి దెబ్బా నిషిద్ధం కావాలంటాడు. 2010లో లీగ్ పక్కనుంచి తలకు గురిపెట్టే తాకిడిని నిషేధించింది. అది చాలదంటాడు. ఈ మాట ఫిలడెల్ఫియాను మాత్రమే బోనులో నిలబెట్టదు. గెలిచిన పక్షం తన గట్టితనాన్ని సభ్యమైనదని చెప్పుకొంటూ వచ్చింది. ఆ పక్షం గోల్ ముందు నిలబడినవాడే నలభై ఏళ్ళ తరువాత ఆ తేడాను పక్కనపెట్టమంటున్నాడు.

ప్లేఆఫ్ వచ్చిన ప్రతి వసంతంలోనూ ఎవరు గట్టివారు, ఊపు ఎవరిది అన్న వాదన సాగుతూనే ఉంటుంది. సాగవలసిందే, ఆటలో సగం రుచి అదే. ఆ వాదనకు ముందు డ్రైడెన్ రెండు పుస్తకాలనూ, ‘ది గేమ్’ తరువాత వెంటనే ‘గేమ్ చేంజ్’ను, చదవడం మంచిది. మొదటిది ఆటను ప్రేమించడం నేర్పుతుంది. ఆ ప్రేమ కోసం ఎవరు ఏమి చెల్లించారో రెండోది చెబుతుంది.