అరికాళ్ళ తిమ్మిర్లు - బి12 చరిత్ర

మన సంఘ సమావేశాలలో డి.ఏ. బకాయిల తరువాత ఎక్కువగా వినిపించే మాట అరికాళ్ళ తిమ్మిర్లు. చీమలు పాకినట్లుంటుందని ఒకరు, దూది మీద నడిచినట్లుంటుందని మరొకరు. కాలి చెప్పు జారిపోయినా తెలియక నాలుగడుగులు వేసిన రోజు నాకూ వచ్చింది. పరీక్ష చేయిస్తే బి12 విటమిన్ 230 అని వచ్చింది. "నార్మలే కదా, ఇది షుగరు వల్లే" అని డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టారు. ఆ 'నార్మల్' అన్న మాట వెనుక పెద్ద కథే ఉంది.

రక్తం క్రమంగా పలచబడి మనిషి పాలిపోయి మరణించే ఒక జబ్బును 1849లో లండన్‌లో థామస్ అడిసన్ అనే వైద్యుడు వర్ణించారు. 1900లో అక్కడి వైద్యులే ముగ్గురు, ఇటువంటి రోగులలో వెన్నుపాము ఎలా చెడిపోతుందో వివరించారు. మందు మాత్రం లేదు. 1926లో బోస్టన్‌లో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు 45 మంది రోగులకు రోజూ కాలేయం తినిపించి కోలుకునేట్లు చేశారు. 1934లో విపుల్‌తో కలిపి వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు కథలోకి వస్తారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బులోనూ రక్తం పలచబడుతుంది. ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగులకూ, గర్భిణులకూ అది చేసిన మేలు అంతా ఇంతా కాదు. అడిసన్ చెప్పిన జబ్బుకు కూడా ఇచ్చి చూశారు. రక్తం బాగుపడింది. కానీ కొద్ది కాలానికే కొందరిలో కాళ్ళు మొద్దుబారడం, నడక తూలడం మొదలయ్యాయి. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని నిలబెట్టింది గాని నరాలను కాపాడలేకపోయింది. అసలు పదార్థమైన బి12ను 1948లో అమెరికాలో ఫోకర్స్ బృందం, బ్రిటన్‌లో లెస్టర్ స్మిత్ బృందం విడివిడిగా వేరుచేశాయి. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

రక్తం బాగున్నా నరాలు చెడిపోవచ్చునని ఆనాడే తెలిసింది. అయినా హిమోగ్లోబిన్ సరిగా ఉంటే బి12 సంగతి ఆలోచించనక్కరలేదనే అలవాటు వైద్యంలో చాలాకాలం నిలిచిపోయింది. 1988లో లిండెన్‌బామ్ అనే అమెరికన్ వైద్యుడూ, ఆయన సహచరులూ బి12 లోపంతో నరాల, మనసు బాధలు వచ్చిన 141 మందిని పరిశీలించారు. వారిలో 40 మందికి రక్తహీనతా లేదు, రక్తకణాలు పెద్దవీ కాలేదు. కొందరి బి12 అంకె మరీ తక్కువేమీ కాదు. అయితే మిథైల్ మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ అనే పదార్థాలు రక్తంలో పెరిగి, కణాలకు బి12 అందడం లేదని పట్టించాయి.

అంకె ఎందుకు మోసగిస్తుందంటే, రక్తంలో కొలిచే బి12లో ఎక్కువ భాగం కణాలు వాడుకోలేని రూపంలో ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్కులో నిల్వ కనిపిస్తున్నా అందులో సింహభాగం తాకట్టులో ఉన్నట్లన్నమాట. 2024 మార్చిలో బ్రిటన్‌లోని నైస్ సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలలో, మిల్లీలీటరుకు 180 నుంచి 350 పికోగ్రాముల మధ్య అంకెను తేల్చి చెప్పలేనిదిగా లెక్కించారు. లక్షణాలుంటే మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్ష ఆలోచించమన్నారు.

మన వయసులో జీర్ణాశయంలో ఆమ్లం తగ్గి ఆహారంలోని బి12 సరిగా ఒంటికి పట్టదు. శాకాహారులకు పాలు, పెరుగు తప్ప వేరే ఆధారం తక్కువ. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాసుకు ఏళ్ళ తరబడి మింగే మాత్రలు కూడా దానిని తగ్గిస్తాయి. షుగరు ఉన్నవారికి తిమ్మిర్లు రాగానే నెపం షుగరు మీదికే పోతుంది, రెండు కారణాలూ కలిసి ఉండవచ్చునన్న ఆలోచన రాదు.

నేను మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక కాగితం రాసుకుని వెళ్ళాను. తిమ్మిర్లు ఎప్పటినుంచి, మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ళుగా, తిండి ఏమిటి, క్రియాటినిన్ ఎంత అని. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఆ ఆమ్లం దానంతటదే పెరుగుతుంది కనుక ఆ చివరి అంకె కూడా కావాలి. బి12 మాత్రలు మొదలుపెట్టాక పరీక్షిస్తే లెక్క తారుమారవుతుంది కనుక ముందే చేయించమని అడిగాను. డాక్టరుగారు కాగితం రెండుసార్లు చదివి, సరేనని రాసిచ్చారు. ఆమ్లం ఎక్కువగానే వచ్చింది. ఇంజక్షన్లు మొదలైన నాలుగు నెలలకు వేళ్ళ మంట తగ్గింది. ఎడమ అరికాలి మొద్దు మాత్రం అలాగే ఉంది.