శశిరేఖ (పేరు)

శశిరేఖ తెలుగువారు ఆడపిల్లలకు పెట్టుకునే పేరు. శశి అంటే చంద్రుడు. శశిరేఖ అంటే నెలవంక. ఇంట్లో శశి అనో, రేఖ అనో పిలుచుకుంటారు. బలరాముడి కూతురిగా, అభిమన్యుణ్ణి వలచిన పిల్లగా ఈ పేరు నాటకాల్లోనూ సినిమాల్లోనూ పాతుకుపోయింది.

పురాణపు పేరుగా చెలామణి అవుతున్నా వ్యాసభారతంలో శశిరేఖ లేదు. కవిత్రయం తెనిగించిన భారతంలోనూ కనిపించదు. అక్కడ అభిమన్యుడు పెళ్ళాడింది విరాటరాజు కూతురు ఉత్తరను. బలరాముడి కూతురి కథ జనం నోట పెరిగిన కథ. తమిళులకు ఆమె వత్సల, మనకు శశిరేఖ. కూచిపూడి యక్షగానంలో, సురభివారి మాయాబజార్ నాటకంలో ఆమెను చూసి మురిసిన ప్రేక్షకులు భారతంలో ఉందా లేదా అని వెతకలేదు.

1936లో పి.వి.దాస్ తీసిన శశిరేఖా పరిణయంతో ఆమె తెలుగు తెరకెక్కింది. అందులో శశిరేఖ వేషంతోనే శాంతకుమారి సినిమాల్లోకి వచ్చింది.

అయితే ఈ పేరు వినగానే తెలుగువారి కళ్ళముందు మెదిలేది సావిత్రి. విజయావారి మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. పాండవులు జూదంలో సర్వం పోగొట్టుకోగానే శశిరేఖ కన్నవాళ్ళు మనసు మార్చుకుని, అభిమన్యుడికిస్తామన్న పిల్లను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఖాయం చేస్తారు. ఘటోత్కచుడు ఆమెను నిద్రలోనే మంచంతో సహా ఎత్తుకుపోయి, తానే శశిరేఖ రూపం ధరించి పెళ్ళింట తిరుగుతాడు. సావిత్రి ప్రతిభ పూర్తిగా తెలిసేది ఇక్కడే. రూపం కన్నెపిల్లది, లోపలున్నది రాక్షసుడు. ఎవరూ లేనప్పుడు మగ నడక, లేని మీసం మెలేయడం. మనిషి అలికిడి కాగానే సిగ్గు ఒలకబోయడం. ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడి దర్పాన్ని ఆమె తన ఒంట్లోకి తెచ్చుకుంది. ఈ మాయా శశిరేఖ పాడే పాటలో సుశీల గొంతు పక్కనే ఘంటసాల గొంతు పలకడం ఆ అభినయానికి అచ్చంగా అతికింది. తెలుగులో ఒక నటి చేసిన హాస్యంలో దీన్ని మించినది లేదు.

సాహిత్యంలో శశిరేఖ దారి వేరు. చలం తొలి నవల పేరు శశిరేఖ, 1921లో వచ్చింది. అందులో ఆమె పెళ్ళి బంధాన్ని వదిలి ప్రేమను వెతుక్కుంటూ గడప దాటుతుంది. నాటకంలోని శశిరేఖ పెద్దలు కుదిర్చిన వరుణ్ణి కాదంటే, చలం శశిరేఖ అయిన పెళ్ళినే కాదంది. ఆనాటి సంఘం ఆ ధైర్యాన్ని సహించలేదు. ఈ పేరు మోసిన పాత్రల్లో అందరికన్నా పెద్ద మూల్యం చెల్లించింది ఆమే.

ఆ తర్వాత కూడా ఈ పేరును పెళ్ళి వదల్లేదు. కృష్ణవంశీ శశిరేఖా పరిణయం (2009)లో జెనీలియా వేసిన శశిరేఖ పెళ్ళి ఇష్టంలేక పారిపోతుంది. దారిలో తోడైన యువకుడే (తరుణ్) ఆ పెళ్ళికొడుకని ఆమెకు తెలియదు. మా టీవీలో ఇదే పేరుతో ధారావాహిక కూడా వచ్చింది. సావిత్రి జీవితకథగా వచ్చిన మహానటి (2018)లో కీర్తి సురేశ్ మాయా శశిరేఖ ఘట్టాన్ని మళ్ళీ అభినయించింది.