మిగిలిన పుంజుల లెక్క



పోయిన ఆదివారం మన గుంపులో నడిచిన గొడవ అందరూ చూసే ఉంటారు. కొత్తగా కోళ్లు పెట్టుకున్న మన కుర్ర సభ్యుడొకరు 12 పిల్లల్ని తెచ్చుకున్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి అందులో 7 పుంజులని తేలింది. పక్కింటాయనకి తెల్లవారుజామున మూడున్నర నుంచీ నిద్ర లేదు. "ఎన్ని పుంజులు ఉంచుకోవాలి, మిగతావాటిని ఏం చేయాలి?" అని ఆ అబ్బాయి అడిగితే ఒకరు బిర్యానీ అన్నారు, ఒకరు పాపం అన్నారు. అసలు ప్రశ్న ఎటో కొట్టుకుపోయింది. నేను రైల్వేలో పార్సిల్ గుమస్తాగా పనిచేసినవాణ్ణి, లెక్క తేలని కాగితం చూస్తే ఊరుకోలేను. అందుకే ఇది. బడిలో నేను చదివింది అరవం, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మొదటి ప్రశ్నకి జవాబు ఒక ముక్కలో అయిపోతుంది. 8 నుంచి 10 పెట్టలకి ఒక పుంజు చాలు. తినడానికి గుడ్లు మాత్రమే కావాలంటే పుంజే అక్కరలేదు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పొదిగితే పిల్ల కాదు, అంతే. రెండో ప్రశ్నే అసలైనది. అది మన అబ్బాయి ఒక్కడిదే కాదు, మనిషి కోడిని ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచీ ఉన్నదే.

ఎందుకంటే ఏ పొదుగు తీసుకున్నా సుమారుగా సగం పుంజులే. కావలసింది పదికి ఒకటి. అడవిలో ఈ లెక్క దానంతటదే సర్దుకుంటుంది. బలమైన పుంజు నాలుగైదు పెట్టలతో తిరుగుతుంది, కుర్ర పుంజుల్ని తరిమేస్తుంది, అవి వేరేచోట బతుకుతాయి. మన కోడికి మూలం ఎర్ర అడవికోడి అని డార్విన్ 1868లోనే రాశాడు. 2022లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఇంటి కోడివని చెప్పదగిన ఎముకల్లో అన్నిటికంటే పాతవి థాయిలాండులో దొరికాయి, క్రీస్తుకు పూర్వం 1650-1250 మధ్యవి. వరి, చిరుధాన్యాల గింజల కోసం అడవికోడి పొలాల దగ్గరికి వచ్చిందట. అన్నట్టు మనకీ ఇందులో వాటా ఉంది. కోళ్ల కాళ్లకుండే పసుపు రంగు ఎర్ర అడవికోడిది కాదనీ, దక్షిణ భారతంలో ఉండే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందనీ 2008లో తేల్చారు.

సరే, అడవిలో పారిపోవడానికి చోటుంది. పెరట్లో గోడ ఉంది. ఓడిన పుంజు పోయేదెక్కడికి? కాబట్టి మిగిలిన పుంజుకి దారి మనిషే చూపించాల్సి వచ్చింది. ఒక్కో కాలం ఒక్కో దారి చూపించింది.

మా అమ్మ కాలానిది చెబుతాను. పూండిలో మా ఇంటి వెనక ఎప్పుడూ పదీ పన్నెండు కోళ్లు ఉండేవి. పిల్లలకి మూడో నెల రాగానే అమ్మ వాకిట్లో గింజలు చల్లి, మేసేవాటిని చూస్తూ కూర్చునేది. ఒకటి విత్తనానికి. ఒకటి గంగమ్మకి మొక్కు. ఒకటి చుట్టాలొస్తే. మిగతావి సంతకి. కాగితం లేదు, పెన్సిలు లేదు, అంతా నోటిలెక్కే. నా ఎస్సెల్సీ పరీక్ష ఫీజు కట్టింది ఒక ఎర్ర పుంజు. కాళ్లు కట్టి గంపలో పెట్టి తీసుకెళుతుంటే నేను వెంట నడిచాను, అమ్మ దారి పొడుగునా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. తర్వాత ఉద్యోగంలో వెదురు గంపల్లో కోళ్లని తూకం వేసి చీటీ రాసినప్పుడల్లా ఆ ఎర్ర పుంజే గుర్తొచ్చేది.

ఇంకో దారి పందెం. టెంటు సినిమాలో 1966 నాటి 'పల్నాటి యుద్ధం' చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. 12వ శతాబ్దంలో నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపుంజుల మీద పందెం కాశారు. ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. అది చివరికి కారంపూడిలో యుద్ధం దాకా వెళ్లింది. కథలో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్నది పండితులు చూసుకుంటారు. నాకు కనబడేది వేరే. మిగిలిపోయిన పుంజుకి ఒక విలువ కట్టారు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని ఈక రంగుని బట్టి పేర్లు పెట్టి, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రమే పుట్టించారు. అరవంలో 2011లో వచ్చిన 'ఆడుకళం' చూడండి, మదురైలోనూ అదే పిచ్చి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పందేలని నేరం చేసింది. అయినా ఏటా సంక్రాంతికి గోదావరి జిల్లాల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

మొక్కు సంగతికి వస్తే, తిరుత్తణి కొండమీద స్వామి జెండాలోనే పుంజు ఉంది. శూరపద్ముడు రెండు ముక్కలై ఒకటి నెమలి, ఒకటి కోడి అయిందని కథ. అక్కడ కోడికి నమస్కారం, ఊరి చివర గంగమ్మ దగ్గర అదే కోడికి కత్తి. చిన్నప్పుడు ఇది నాకు అర్థమయ్యేది కాదు, ఇప్పుడూ పూర్తిగా అయిందని చెప్పను. మద్రాసు రాష్ట్రం 1950లోనే జంతు, పక్షి బలుల నిషేధ చట్టం చేసింది. అప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో, చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. తిరుత్తణి 1953లో ఆంధ్రకి పోయింది, 1960 ఏప్రిల్ 1న మళ్లీ ఇటు వచ్చింది. సరిహద్దు ఎటు జరిగినా ఆ చట్టం పుస్తకంలోనే పడుకుంది. 2003లో తమిళనాడు ప్రభుత్వం దాన్ని గట్టిగా అమలు చేయబోతే ఊళ్లన్నీ అట్టుడికాయి, 2004లో రద్దు చేశారు.

ఇవన్నీ మంచివని నేను అనడం లేదు. కానీ పుంజు కళ్ల ముందు పెరిగేది, దాని చావు ఎందుకో ఇంట్లో అందరికీ తెలిసేది. తర్వాత వచ్చిన దారిలో అది కూడా లేదు. జపానులో మసుయి, హషిమోతో అనే ఇద్దరు ఒక్కరోజు పిల్లని తిప్పి చూసి ఆడో మగో చెప్పే పద్ధతి కనిపెట్టారు. 1933కి అది ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. అప్పటినుంచి గుడ్ల కోళ్ల హేచరీలకి మగపిల్ల మొదటిరోజే దండగ ఖర్చు. చాలా దేశాల్లో వాటిని పుట్టిన రోజే చంపేస్తారు. మన వీధుల్లో బండిమీద గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే పిల్లలు చాలామట్టుకు అవే. మనవరాలు ముచ్చటపడిందని కొంటాం. బతికి బట్టకడితే దాదాపు అన్నీ పుంజులే.

నేనూ తెలివైనవాణ్ణేం కాదు. రిటైరయ్యాక 7 పెట్టలకి 3 పుంజుల్ని ఉంచాను. "రెండింటిని ఎవరికైనా ఇచ్చేయండి" అని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. అందంగా ఉన్నాయని వాయిదా వేశాను. మూడూ పోటీపడి ఒక చుక్కల పెట్టనే తొక్కేవి. ముందు వీపు మీద ఈకలు రాలాయి. తర్వాత ముల్లు దిగి పక్కన చీరుకుపోయింది. రెక్క కింద కావడంతో నేను చూసేసరికి పురుగు పట్టింది. పసుపు పెట్టాను, మందు వేయించాను. నాలుగో రోజు పోయింది. అది గుడ్లలో మొదటిది, పిల్లల్ని సాకడంలో మొదటిది. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

కాబట్టి మన అబ్బాయికి: ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే జుట్టు ఎర్రబడి పెద్దదైతే, కాళ్లు లావుగా ఉంటే పుంజని అనుమానించు. మూడో నెలకి మెడమీదా నడుం మీదా సన్నగా మొనదేలిన ఈకలు వస్తే ఇక సందేహం లేదు. అప్పుడే విడదీయి. పెట్టలు కంటికి కనబడని చోట పుంజులన్నిటినీ కలిపి ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి. ఉంచుకునేది అన్నిటికంటే పెద్దది కానక్కరలేదు. మేత కనబడితే తాను తినకుండా పెట్టల్ని పిలిచేది, మనిషిని పొడవనిది చూసుకో.

కూత గురించి పక్కింటాయనకి ఒక మాట. లైటు ఆపినా అది ఆగదు. పుంజు ఒంట్లోనే గడియారం ఉందని జపాను శాస్త్రజ్ఞులు 2013లో చూపించారు. 2015లో ఇంకోటి చెప్పారు: ముందు పెద్ద పుంజు కూస్తుంది, తర్వాత హోదా వరసలో మిగతావి అందుకుంటాయి. మా ఆఫీసులో సంతకాల పుస్తకం లాగే. ఏడు ఒకటైతే ఆ వంత పాట ఆగుతుంది.

మిగిలిన ఆరింటికి నేనొక దారి అనుకున్నాను. ఒకే పుంజుని ఏళ్ల తరబడి ఉంచి దాని కూతుళ్లకే కలిపితే పిల్లలు నీరసిస్తాయి, ఏడాదికో రెండేళ్లకో మార్చాలి. మన సభ్యుల్లోనే కోళ్లున్న ఇళ్లు చాలా ఉన్నాయి. పుంజులు మార్చుకుందాం. షరతులు రెండు. పందేనికి ఇవ్వకూడదు. కొత్త పుంజుని రెండు వారాలు విడిగా ఉంచి, టీకా వేయించాకే కలపాలి. మనం కొక్కెర అనీ, అరవంలో వెళ్ళై కళిచ్చల్ అనీ అనే రోగాన్ని డాక్టర్లు రాణిఖేత్ అంటారు. 1927లో ఆ కొండ ఊళ్లో కనబడింది కనుక ఆ పేరు. అది వస్తే మూడు రోజుల్లో గూడు ఖాళీ.

నిన్న ఫోన్లు చేశాను. తిరుత్తణిలో ఇద్దరు, తిరువళ్ళూరులో ఒకరు తలొకటి తీసుకుంటామన్నారు. ఒకటి నేను తెచ్చుకుంటాను, మా పాతదాన్ని ఊత్తుకోట చెల్లెలికి పంపుతున్నాను. ఇంక రెండున్నాయి. ఒకటి తెల్లది, కాస్త కోపిష్టి. ఇంకోటి నల్లది, మెడ మీద ఎర్ర చారలుంటాయి, చేతిలో గింజలు తింటుంది. కావలసినవాళ్లు గురువారంలోపు చెప్పండి. గంప నేనే తెస్తాను.