ఇంటి చలనచిత్రముల ఉమ్మడి పట్టిక – అందలి తప్పుల సవరణ

శాసనములు, కైఫీయతులు, దానపత్రములు చరిత్రకు ఆధారములని మన పండితులు మనకు నేర్పినారు. కర్నలు మెకంజీ దొర కావలి సోదరుల సాయముతో సేకరించిన వ్రాతలు లేకున్నచో తెలుగు గ్రామముల చరిత్ర ఎంత కొఱవడి యుండెడిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇరువదవ శతాబ్దమున రాష్ట్రేతరాంధ్రుల జీవనమునకు మఱియొక సాక్ష్యము ఏర్పడినది. ఇంటివారే చేతి కెమెరాతో తీసికొనిన పెండ్లిండ్లు, అన్నప్రాశనములు, తీర్థయాత్రలు, పండుగనాటి వీథులు ఆ సాక్ష్యము. శాసనము చెక్కినవాడు ఊరి పేరు చెక్కెను. కెమెరా పట్టినవాడు మాత్రము, చూచువారందఱు ఎఱిగినదే గదా యని, ఊరి పేరు వ్రాయలేదు. చిక్కంతయు అక్కడనే పుట్టినది.

ఇప్పుడు పలు కుటుంబముల రీళ్ళను ఒకచోట చేర్చి, కంప్యూటరున ఉమ్మడి పట్టికలు కూర్చుట సాగుచున్నది. మంచి పనియే. కాని పద్దులు వ్రాయువారు మనుమలు, మనుమరాండ్రు. లేదా ఆ కుటుంబము నెన్నడు నెఱుగని పనివారు. ఒక పద్దున తప్పు దొరలినచో దానిని చూచి వేఱొకరు తమ రీలుకు అదే వ్రాయుదురు. బరంపురమున మూడు తరములుగా నున్న యింటి పెండ్లి 'ఆంధ్రప్రదేశము' అను పద్దు క్రింద పడెనా, బరంపురమున తెలుగువారి యునికికి గల ఒక సాక్ష్యము లోపించినట్లే. కావున ఈ సవరణము కేవలము గుమాస్తా పని యని త్రోసివేయరాదు.

మొదట స్థలము మాట. మన ప్రాంతముల పేర్లును సరిహద్దులును మాఱినంతగా మన యిండ్లు మాఱలేదు. బరంపురము 1936 ఏప్రిల్ 1 వఱకు మద్రాసు రాజధానిలోనిది; ఆనాటినుండి ఒరిస్సా. ఇంగ్లీషున ఇంచుమించు అదే పేరుగల పట్టణము వంగదేశమున ముర్షిదాబాదు జిల్లాలో ఉన్నది గనుక, పట్టికలోని యంత్రము గంజాము పెండ్లిని గంగాతీరమునకు చేర్చివేయుట అసంభవము కాదు. బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రమున చేరెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చెను. మైసూరు రాష్ట్రమునకు కర్ణాటక మను పేరు 1973లో గాని రాలేదు. షోలాపురము 1960 మే 1 వఱకు బొంబాయి రాష్ట్రములోనిది. కావున 'కర్ణాటక, 1950' అను పద్దు కంటబడినంతనే అనుమానింపవలెను. నాటి పేరొకటి, నేటి పేరొకటి, రెండును రెండు గడులలో వ్రాయుట ఉత్తమము.

అన్నిటికంటె ఎక్కువ అన్యాయము యానాముకు జరుగుచున్నది. 1954 జూను 13న అచట ఫ్రెంచి పాలన తొలగెను. అదే సంవత్సరము నవంబరు 1న పాలన భారతదేశమునకు అప్పగింపబడెను. శాసనరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న ముగిసెను. పరిపాలన పాండిచేరితో ముడివడి యుండుటచే పద్దులో 'పాండిచేరి' యని వ్రాయుదురు. దాని వెంట భాషాస్థానమున 'తమిళము' అని తనంత తానే వచ్చి కూర్చుండును. గౌతమీతీరమున తెలుగు మాటలాడు ఊరు ఈ రీతిగా కాగితముపై తమిళ దేశమునకు తరలిపోవును!

కాలనిర్ణయమున ఫిల్మే కొంత చెప్పగలదు. నడుమ రంధ్రములు గల తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల పాథే ఫిల్ము 1922లోను, పదునాఱు మిల్లీమీటర్లది 1923లోను, ఎనిమిది మిల్లీమీటర్లది 1932లోను, సూపర్ ఎనిమిది 1965లోను వెలువడినవి. సూపర్ ఎనిమిది రీలుపై '1956, రాష్ట్రావతరణము' అని యున్నచో ఆ సంవత్సరము నిస్సంశయముగా తప్పు. కోడాక్ వారు ఫిల్ము అంచున సంవత్సర సంకేతముగా వృత్తము, చతురస్రము, త్రిభుజము వంటి గుర్తులు ముద్రించెడివారు. అవి ఇరువదియేండ్ల కొకసారి తిరిగివచ్చును; 1936 గుర్తే 1956కును. అదియు ఫిల్ము తయారైన యేడే గాని చిత్రము తీసిన యేడు కాదు. కొన్న ఫిల్మును రెండేండ్లు బీరువాలో దాచుకొన్నవారు లేకపోలేదు. పెట్టెపై తపాలా ముద్ర యున్నచో అది కడుగుటకు పంపిన లేదా తిరిగి వచ్చిన తేదీ. పైగా ఒక పెట్టెలో వేఱొక రీలు పెట్టుట ప్రతి యింటను జరిగినదే. పాథే ఫిల్ము ఫ్రెంచివారిది గనుక అది కనబడినచోట నెల్ల యానామని ఊహించుట మఱియొక తొందరపాటు. కొలత కాలమునకు సాక్ష్యము, స్థలమునకు కాదు.

సూపర్ ఎనిమిది యేబది అడుగుల రీలులో 3,600 బొమ్మలుండును. సెకనుకు 18 చొప్పున త్రిప్పినచో 3 నిమిషముల 20 సెకనులు నడచును. కొందఱు దానిని 24 చొప్పున మార్పించి నిడివి రెండున్నర నిమిషములని వ్రాసినారు. అందుచేతనే మన తాతలు పరుగెత్తుచున్నట్లు కనబడుదురు.

ఇంకొక విచిత్రమైన పొరపాటు కలదు. ఫిల్మును తలక్రిందు ముఖముగా ఎక్కించినచో కుడి యెడమలు తాఱుమాఱగును. అప్పుడు పైట కుడిభుజముపై కనబడును. చూచినవారు 'గుజరాతీ కుటుంబము' అని వ్రాయుదురు. పంక్తిలో అందఱును ఎడమచేత భుజించుచున్నట్లున్నను, దుకాణపు పలకపై అక్షరములు తిరుగబడి యున్నను, సవరింపవలసినది కులాచారమును కాదు, బొమ్మను. పలక చదువునపుడును జాగ్రత్త వలయును. మసకబాఱిన బొమ్మలో కన్నడ లిపిని తెలుగుగా భ్రమించుట సులభము. తలకట్టులను పరికించి గాని నిశ్చయింపరాదు.

వివాహచిత్రమున తెలుగుతనము గుర్తించుట మిక్కిలి సున్నితమైన విషయము. షోలాపురమున వధూవరుల నడుమ తెఱ కనబడినంతనే మరాఠీ పెండ్లి యని వ్రాయుదురు. మనకును అడ్డుతెఱ కలదు గదా! జీలకఱ్ఱ బెల్లము తలపై పెట్టు దృశ్యమున్నచో అక్కడ సందేహము చాలవఱకు తీఱును. అదే గుర్తు బళ్ళారిలో చాలదు. కన్నడిగుల పెండ్లిండ్లలోను జీలకఱ్ఱ బెల్లము ఉన్నది. మద్రాసు తెలుగువారి యిండ్ల ఊయల వేడుక చూచి తమిళులని వ్రాయుటయు పొసగదు. తరతరములుగా ఇరుగుపొరుగుల ఆచారములు కలసిన కుటుంబములివి. ఏ ఒక్క చిహ్నమును పట్టుకొని తీర్పు చెప్పరాదు.

పేర్ల గడి మఱియొక అరణ్యము. ఇంటిపేరు ముందు వ్రాయుట మన పద్ధతి. తమిళనాట స్థిరపడినవారిలో పెక్కుమంది తండ్రి పేరులోని తొలి అక్షరమునే వాడుదురు. మహారాష్ట్రమున తన పేరు, తండ్రి పేరు, పిదప ఇంటిపేరు. అన్నదమ్ములు ముగ్గురు మూడుచోట్ల స్థిరపడినచో పట్టికలో మూడు వంశములగుదురు. స్త్రీల విషయమున ఈ తికమకయైనను లేదు. 'ఒక స్త్రీ' అని విడిచిపెట్టినారు. పేరు తెలియకున్నను 'వరుని మేనత్త', 'పెద్ద కోడలు' అని చుట్టఱికమైన వ్రాయవచ్చును. వృద్ధుల నడిగినచో అది మొదట దొరకును.

వృద్ధుల మాట ఎంత విలువైనదైనను ఒక్కరి జ్ఞాపకముపై పద్దు దిద్దరాదు. అక్కచెల్లెండ్రను వేర్వేఱుగ కూర్చుండబెట్టి చూపినచో ఒకరు పెద్దవాని పెండ్లి యనుటయు, మఱియొకరు చిన్నవానిదనుటయు కద్దు. అట్టిచోట రెండు మాటలును వ్రాసి, శుభలేఖ దొరకువఱకు ఆగవలెను. శుభలేఖలో తిథివారములును, ఊరును, పెద్దల పేర్లును ఉండును. రీలుకు అంతకు మించిన తోడు లేదు.

దిద్దునపుడు పాత పద్దును చెఱిపివేయు అలవాటు హానికరము. పాత వ్రాత అట్లే నిలుపవలెను. దాని క్రింద సవరణ, సవరించినవారి పేరు, తేదీ, ఆధారము ఉండవలెను. ఆధారము ఫిల్ము అంచా, పలకయా, శుభలేఖయా, ఎవరి నోటి మాటయా యని తెలుపవలెను. అసలు రీలును పాఱవేయరాదు. కంప్యూటరు ప్రతిలో అంచు గుర్తులు సామాన్యముగా కనబడవు. పెట్టె తెఱచినపుడు పులిసిన వాసన కొట్టినచో ఫిల్ము శిథిలమగుచున్నదని గ్రహించి, దానిని తక్కినవానినుండి వేఱుచేసి, చల్లని పొడిచోట నుంచి, ముందుగా దానికే ప్రతి తీయింపవలెను.