లైంగిక ఆరోగ్య సేవలు: యువతకు ఫోను దారి.. గోప్యతే గీటురాయి

లైంగిక ఆరోగ్యంపై సందేహాలను ఇంట్లో అడగలేక, ఆసుపత్రి గడప తొక్కేందుకు జంకే యువతీయువకులకు సెల్‌ఫోను కొత్త దారి చూపింది. టోల్ ఫ్రీ నంబర్లు, మొబైల్ యాప్‌లు, వీడియో ద్వారా వైద్య సలహాలు గత దశాబ్దంలో అందుబాటులోకి వచ్చాయి. అయితే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది, అడిగిన మాట ఎవరి చెవిన పడుతుంది అన్న అంశాలపైనే ఈ సేవల ప్రయోజనం ఆధారపడి ఉంది.

'సాథియా' నేపథ్యం

10 నుంచి 19 ఏళ్ల వయసు వారి కోసం కేంద్ర ప్రభుత్వం 2014 జనవరి 7న రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. పోషకాహారం, మానసిక ఆరోగ్యం, మత్తు పదార్థాల వాడకం వంటి అంశాలతో పాటు లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యాన్ని కూడా ఇందులో చేర్చారు. గ్రామాల్లో తోటి వయసు వారి నుంచే కొందరిని ఎంపిక చేసి, 'సాథియా' పేరిట శిక్షణ ఇచ్చే విధానాన్ని ఈ కార్యక్రమం చేపట్టింది.

2017 ఫిబ్రవరి 20న సాథియాల కోసం ప్రశ్నోత్తరాల పుస్తకం, దినచర్య పుస్తకం తదితరాలతో కూడిన సామగ్రిని విడుదల చేశారు. దానితో పాటే 'సాథియా సలాహ్' అనే మొబైల్ యాప్‌ను, దానికి అనుబంధంగా టోల్ ఫ్రీ నంబరును ప్రవేశపెట్టారు. తోటివారి ఎదుట నోరు విప్పేందుకు సిగ్గుపడే వారు, యాప్ వాడలేని వారు నేరుగా ఫోను చేసి సలహా పొందాలన్నది దీని ఉద్దేశం.

సగం మందికి సొంత ఫోను లేదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్నవారు 48.9 శాతమే. ఇంటర్నెట్‌ను ఒక్కసారైనా వాడిన మహిళలు 21 శాతం కాగా, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో ఇంటర్నెట్ వాడిన మహిళలు 26.5 శాతం. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల బాలికల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు కావడమో, గర్భవతులుగా ఉండడమో జరిగినట్లు తేలింది. సమాచారం అత్యవసరమైన చోటే ఫోను కరవు. ఆ తర్వాత ఫోన్ల సంఖ్య పెరిగినా, ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడుకునే చోట గోప్యత సమస్య తీరినట్లు కాదు.

ఇంటర్నెట్‌తో పని లేని సేవలకు ఈ కారణంగానే ప్రాధాన్యం ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిర్వహించే 1097 నంబరుకు సాధారణ ఫోను నుంచీ ఉచితంగా మాట్లాడవచ్చు. హెచ్ఐవీ, లైంగికంగా సంక్రమించే వ్యాధులు, పరీక్షా కేంద్రాల వివరాలు తెలుసుకోవచ్చు.

72 గంటలు కీలకం

ఈ విషయాల్లో జాప్యం ప్రమాదకరం. హెచ్ఐవీ సోకే అవకాశమున్న సంఘటన జరిగితే నివారణ మందులను 72 గంటల్లోగా మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. లెవోనార్జెస్ట్రెల్ అత్యవసర గర్భనిరోధక మాత్రను కూడా 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. ఎవరిని అడగాలో తెలియక రెండు మూడు రోజులు గడిస్తే ఈ అవకాశం చేజారుతుంది. సరైన సమయంలో చేసిన ఒక్క ఫోను ఇక్కడ అక్కరకు వస్తుంది. అయితే రక్తపరీక్షను ఫోను చేయలేదు. అందుకు సమీకృత సలహా, పరీక్షా కేంద్రానికి (ఐసీటీసీ) వెళ్లక తప్పదు.

18 ఏళ్ల లోపు వారికి చిక్కు

ఈ-సంజీవని ఆన్‌లైన్ వైద్య సేవను 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల్లో మొదట అమలులోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రోగులు ఇంటి నుంచే వైద్యులతో మాట్లాడే వీలును 2020 ఏప్రిల్ 13న కల్పించారు. కానీ 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనర్లు పెద్దల సమక్షంలోనే వైద్యుని సంప్రదించాలి. ఆ పెద్దలెవరో నిర్ధారించుకోవలసిన బాధ్యత వైద్యునిది. బాలల రక్షణకు పెట్టిన ఈ నిబంధన, ఇంట్లో చెప్పుకోలేని బాలికకు అడ్డంకిగానూ మారుతోంది.

పోక్సో చట్టం (2012) ప్రకారం 18 ఏళ్ల లోపు వారిపై లైంగిక నేరం గురించి తెలిసినవారు ఫిర్యాదు చేయాలి. కేసు అవుతుందన్న భయంతో కొందరు ఆసుపత్రికే దూరమయ్యే పరిస్థితి ఉంది. దీన్ని దృష్టిలో ఉంచుకుని, గర్భస్రావం కోరే మైనర్, సంరక్షకులు విజ్ఞప్తి చేస్తే బాలిక పేరు, గుర్తింపు వివరాలను వైద్యులు పోలీసులకు వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న స్పష్టం చేసింది. హెచ్ఐవీ పరీక్షకు సమ్మతి తప్పనిసరి అని, వివరాలు గోప్యంగా ఉంచాలని 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం నిర్దేశిస్తోంది.

ప్రకటనలతో జాగ్రత్త

అదే ఫోనులో బూటకపు వైద్యుల ప్రకటనలూ కనిపిస్తాయి. సుఖవ్యాధులు నయం చేస్తామని, లైంగిక పటుత్వం పెంచుతామని ప్రచారం చేయడం 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం ప్రకారం నేరం. అలాంటి నంబర్లకు పేరు, ఫొటోలు, డబ్బు పంపరాదు.

ఎక్కడ సంప్రదించాలి?

హెచ్ఐవీ, సుఖవ్యాధుల సందేహాలకు 1097. ఆపదలో ఉన్న బాలలకు 1098. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు, ఐసీటీసీలలో హెచ్ఐవీ పరీక్షకు ఉచిత సేవలు ఉన్నాయి. ఇంట్లో అందరూ వాడే ఫోను అయితే మాట్లాడిన తర్వాత కాల్ జాబితా నుంచి నంబరును తొలగించుకోవచ్చు. ఫోనులో ధైర్యం తెచ్చుకుని వచ్చిన యువతను ఆసుపత్రిలో పది మంది ఎదుట ప్రశ్నిస్తే వారు మళ్లీ రారు. తలుపు వేసి మాట్లాడే గది, తప్పు పట్టని కౌన్సెలర్ ఉన్నప్పుడే ఫోను చూపిన దారి చికిత్స వరకు సాగుతుంది.